నేను వినని నలభై జల్లెడలు

నా చెవులు రిటైరయ్యాయి. వాటితోపాటు నేనూ ఇంటికి వచ్చేశాను. నిజానికి ఉద్యోగమంతా చేసింది అవే. పద్నాలుగేళ్ళపాటు పొద్దున్నే వాటిని కారులో ఎక్కించుకుని షాపులో దింపి, సాయంత్రం భద్రంగా ఇంటికి చేర్చిన డ్రైవర్ని మాత్రమే నేను. యాభై నాలుగేళ్ళకే డ్రైవరు పని కూడా పోవడంతో, కూర్చున్నచోట కూర్చోలేక, కాలు ఊపుకుంటూ ఇది రాస్తున్నాను. ఈ కాలు ఊపుడు జబ్బు నాకు ఒక శుక్రవారం పట్టుకుంది. ఆ శుక్రవారం సంగతే చెప్పబోతున్నాను.

ఇక్కడ అమెరికాలో, మా ఊరు మోరిస్‌విల్‌లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్ళు పార్టీల్లో ప్లేటు పట్టుకుని పక్కన చేరి, "అంకుల్, మీరేం చేసేవారు?" అని అడుగుతుంటారు. క్లౌడనో డేటా అనో అంటానని వాళ్ళ ఆశ. "జెట్ ఇంజన్ల ముందు జల్లెడలు పెట్టేవాణ్ణి" అంటాను. ఒకమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, "వావ్, ఏ ఎయిర్‌లైన్స్ అంకుల్?" అంది. ఎయిర్‌లైన్సు కాదు తల్లీ. మనుషులు ఎక్కని జెట్ విమానాలు. ట్రైలర్‌లో పెట్టుకుని తీసుకెళ్ళి, నేలమీద నిలబడి రిమోట్‌తో ఎగరేసేవి.

బొమ్మలని నవ్వకండి. ఆ బొమ్మ నా కంటే పొడుగు. దాని కడుపులో ఉండే ఇంజన్ కాఫీ ఫ్లాస్కంతే ఉంటుంది కానీ కిరోసిన్ తాగి అది పెట్టే కేకకి మూడు కౌంటీల అవతల కుక్కలు మంచాల కింద దూరతాయి. లోపలి చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. ముందు నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ నోటికి మర్యాద లేదు. ఇసుక, గడ్డి, మరిచిపోయిన స్క్రూ, ఏది దొరికితే అది మింగుతుంది. ఒకసారి మా ఓనర్ మీసం కొసని లాగిందని ఆయన చెప్పుకుంటాడు. మీసం ఇప్పటికీ ఒకవైపు పొట్టిగానే ఉంది కాబట్టి నమ్మక తప్పదు.

ఆ నోటికి కట్టే చిక్కమే మేము చేసేది. సన్నటి స్టీలు తీగల వల. అరచేతిలో పట్టే టోపీలా ఉంటుంది. అంచుకు ఒక రింగు. వలని రింగుకి చుట్టూ చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ చేస్తారు. బయట దాన్ని ఇన్‌టేక్ స్క్రీన్ అంటారు. నేను ఇంట్లో జల్లెడ అన్నాను, అదే స్థిరపడింది. ఆ చుక్కల్లో ఒక్కటి సరిగా అతకకపోయినా, ఇంజన్ అదురుకి తీగ ఊడి లోపలికి పోతుంది. అప్పుడిక రాయి అక్కర్లేదు. రాయి చేసే పని జల్లెడే చేస్తుంది.

అతుకు మంచిదో కాదో కంటికి కనబడదు. దానికి మా ఓనర్ పద్ధతి ఒకటే. జల్లెడని మూడు వేళ్ళ మీద నిలబెట్టి, అంచుని గోటితో మీటి వినడం. మంచిదైతే ఖంగుమని, ఆ మోత చివర సన్నగా సాగుతుంది. లోపముంటే టప్. అంతే. ఆయన పాతికేళ్ళు నేవీలో, విమానాలు దిగే ఓడ మీద మెకానిక్‌గా చేసిన మనిషి. మిషను కంటే గోటినే ఎక్కువ నమ్ముతాడు.

నేను ఈ దేశానికి వచ్చింది సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదికే, మా డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని పదిహేను నిమిషాల వీడియో కాల్‌లో ఇంటికి పంపారు. మా ఇంటికి రెండు మైళ్ళలో, టైర్ల షాపు వెనక రేకుల షెడ్డులో "టెస్టర్ కావలెను" అని బోర్డు కనిపిస్తే, టెస్టింగే కదా అని వెళ్ళాను. ఓనర్ నా రెజ్యూమే వైపు చూడలేదు. ఆరు జల్లెడలు ముందు పెట్టి, "చెడ్డది ఏది?" అన్నాడు. మీటాను. నాలుగోది తీసి పక్కన పెట్టాను. ఆయన పొట్టి మీసం అదిరింది.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

విజయవాడలో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. గ్లాసు కొనే ప్రతి ఆడమనిషీ దాన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకోటి అడిగేది. నా వేసవి సెలవులన్నీ ఆ మోతలోనే గడిచాయి. కొన్నాక గిన్నె మీద పేరు చెక్కించుకునేవారు. ఆ చెక్కే మిషను పట్టుకునే పని నాది. ఇదంతా ఓనర్‌కి చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ షాపులో ఇంకో ఆచారం ఉంది మరి. జల్లెడని ఎవరు విన్నారో వాళ్ళే దాని అంచు మీద తమ పేరు మొదటి అక్షరం చెక్కాలి. నేను తెలుగులో చెక్కాను. ఆ అక్షరమేమిటో చెప్పను. ఓనర్ మాత్రం దాన్ని, ఇక్కడ దొరికే మెలితిప్పిన జంతికలాంటి దాని పేరుతో, "నీ ప్రెట్జెల్" అనేవాడు.

ఇప్పుడు నా పాపానికి వద్దాం.

మా ఊరి తెలుగు సంఘంలో నేను ఉగాది కమిటీ సభ్యుణ్ణి. కమిటీ కాల్స్ గురువారం మధ్యాహ్నం రెండింటికి జరిగేవి, ఎందుకంటే అందరూ ఆఫీసు పనిలో ఉండే సమయం అదొక్కటే. ఆ గురువారం నా బల్ల మీద నలభై జల్లెడలున్నాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. నేను మ్యూట్‌లో ఉన్నాను. చర్చనీయాంశం పులిహోర.

కమిటీ సెక్రటరీ గుడివాడ వైపు ఆవిడ. మా అందరికీ అక్క. "నిమ్మకాయ పిండిన అన్నాన్ని పులిహోర అంటే నేను ఒప్పుకోనండీ. అది చిత్రాన్నం. ఉగాదికి పులిహోర అంటే చింతపండే" అంది.

ప్రెసిడెంటు వరంగల్ మనిషి. పగలు రెండొందల మందిని మేనేజ్ చేస్తాడు, ఈ అక్కని తప్ప. "గట్లంటే ఎట్లక్కా? ఆరొందల మందికి చింతపండు పిసికేటోళ్ళెవరు? మీరు పిసుకుతరా?"

"పిసుకుతాను. నువ్వు ఇంగువ కొట్టించుకురా చాలు."

"ఇంగువెందుకక్కా పులిహోరల!"

అక్కడ భూమి కంపించింది. పద్నాలుగు మంది ఒకేసారి మ్యూట్ తీశారు. ఇంగువ వర్గం, ఇంగువేతర వర్గం, ఆవాల వర్గం. ఒకాయన రాజీనామా చేశాడు. ఎవరూ వినలేదు గనక వెనక్కి తీసుకున్నాడు. నేనూ ఒకసారి మ్యూట్ తీసి "చింతపండే" అని నా ఓటు వేసి మళ్ళీ మూసుకున్నాను. ఈ రెండు గంటలూ నా గోరు మీటుతూనే ఉంది. జల్లెడలు ఏవో అంటూనే ఉన్నాయి. చెయ్యి ఒక్కొక్కటే తీసి, అక్షరం చెక్కి, పెట్టెలో పెడుతూనే ఉంది. మధ్యలో మా వెల్డర్ వచ్చి భుజం తట్టి ఏదో చెప్పింది. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన ఆవిడ. మాట పొదుపు, అతుకు గట్టి. నేను బొటనవేలు చూపించాను. వెళ్ళిపోయింది.

మూడు వారాల తరవాత, శుక్రవారం పొద్దున ఒక పార్సిల్ వచ్చింది. అరిజోనాలో ఎవరో కస్టమర్ పంపిన ఇంజన్. ఓనర్ విప్పాడు. కంప్రెసర్ చక్రం ఎలకలు కొరికిన మొక్కజొన్న కంకిలా ఉంది. ముందున్న జల్లెడకి ఒకవైపు తీగలు లేవు. అవి ఎక్కడున్నాయో చక్రాన్ని చూస్తే తెలుస్తోంది. ఓనర్ మిగిలిన అంచుని మీటాడు.

టప్.

అంచు తిప్పి చూశాడు. "నీ ప్రెట్జెల్."

"అవును."

"పంపేముందు మోగిందా?"

అబ్బాయిలూ, అమ్మాయిలూ, మీకూ ఇలాంటి క్షణం ఒకటి వస్తుంది. ఆ క్షణంలో నోరు మనకంటే ముందు పరిగెడుతుంది. "మోగింది" అన్నాను.

ఆయన తల ఊపాడు. నమ్మాడు. నమ్మకపోతే బాగుండేది.

వెల్డర్ నా బల్ల దగ్గరికి వచ్చి, ఓనర్‌కి వినబడకుండా అంది: "ఆ వారం నా మిషను మొన అరిగిపోయింది. ఈ పెట్టె జాగ్రత్తగా విను అని నీకు చెప్పాను. బొటనవేలు చూపించావు. చెవుల్లో ఆ తెల్లవి ఉన్నాయి."

"ఓనర్‌కి చెప్పావా?"

"నా మొన సంగతి చెప్పాను. నీ చెవుల సంగతి నువ్వు చెప్పుకో."

అప్పుడు మొదలైంది కాలు. కుడికాలు బల్ల కింద కుట్టుమిషను తొక్కినట్టు ఊగడం. ఆపితే ఎడమది అందుకునేది.

ఎవరి అక్షరమైతే వాళ్ళే ఫోన్ చేయాలన్నది షాపు రూలు. ఒకటి తిరిగొచ్చింది, ముప్ఫై తొమ్మిది ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, జల్లెడ విప్పించి, ఫోన్ దగ్గర పెట్టించి, గోటితో మీటించి విన్నాను. టెక్సస్‌లో ఒకాయన గోళ్ళు కొరుక్కునే మనిషి, భార్యని పిలిచి మీటించాడు. ఒరెగాన్‌లో ఒక పెద్దావిడ, "నీకు వినబడాలంటే నేనేం పాడాలి నాయనా?" అనే ధోరణిలో ఇరవైసార్లు మీటింది. ఖంగుమన్నవాళ్ళకి దణ్ణం, టప్పన్నవాళ్ళకి క్షమాపణ. అలా మధ్యాహ్నం మూడింటికి ముప్ఫై ఎనిమిది తేలాయి. నాలుగు టప్పులు.

ముప్ఫై తొమ్మిదోది మన డాక్టరు గారి దగ్గరుంది.

ఈయన గురించి చెప్పాలి. అప్పటికి ఎనభై రెండేళ్ళు. మా సంఘానికి మూలస్తంభం. మేమంతా పుట్టకముందే ఈ దేశం వచ్చి, గుండె డాక్టరుగా కొన్ని వేల గుండెలు విన్నారు. అప్పటికే ఆయన చెవులు పనిచేయవు. రెండు మిషన్లు పెట్టుకుంటారు, చాలాసార్లు తీసి జేబులో వేసుకుంటారు. గరాజ్‌లో పదకొండేళ్ళు కూర్చుని ఒక జెట్ విమానాన్ని ముక్క ముక్కగా కట్టారు. ఒక్కసారి ఎగరేసి, చేతులు వణకడం మొదలైంది గనక రిమోట్ పక్కన పెట్టేస్తానని అందరికీ చెప్పారు. సోమవారం ఒక హైస్కూలు వాళ్ళు వచ్చి ఆ విమానాన్ని తీసుకెళ్ళి వాళ్ళ హాల్లో కప్పుకి వేలాడదీస్తారు. ఎగిరేది శనివారం పొద్దున. అంటే మర్నాడే.

ఫోన్ చేశాను. మోగుతోంది, ఆయనకి వినబడదు. ఇంటికి వెళ్ళాను. తాళం. పక్కింటి ఆయన గడ్డి కోస్తూ, "ట్రైలర్ కట్టుకుని పొద్దున్నే వెళ్ళిపోయాడు, ఫీల్డ్ దగ్గర మోటెల్‌లో ఉంటాడట" అన్నాడు. ఏ మోటెలో తెలియదు. సంఘం వాట్సాప్ గ్రూపులో పెద్ద అక్షరాలతో పెట్టాను: డాక్టరు గారూ, ఇంజన్ స్టార్ట్ చేయకండి. మూడు నిమిషాల్లో నా మెసేజ్ మీద రెండొందల పదిహేడు మెసేజ్‌లు పడ్డాయి. అన్నీ ఇంగువ గురించే. ఆ రాత్రి నేనెలా గడిపానో మా ఆవిడని అడగండి. మంచం అదురుడుకి భూకంపమనుకుని లేచిందట.

శనివారం తెల్లారి బయలుదేరాను. మార్చి నెల. ఇక్కడ మార్చిలో పైన్ చెట్ల పుప్పొడి ఎలా రాలుతుందో కొత్తవాళ్ళకి చెప్పినా నమ్మరు. ఊరంతటికీ ఎవరో పసుపు రాసినట్టుంటుంది. రోడ్డు, కారు, కుక్క, చర్చి, అన్నీ పసుపే. అద్దం తుడిచే బ్లేడ్లు పసుపుని ఇటు నుంచి అటు నెడుతుంటే, తొంభై మైళ్ళ వేగంతో వెళ్ళాను. పోలీసు ఆపలేదు. నా కారే కనబడి ఉండదు.

ఒకప్పటి పొగాకు పొలంలో ఉంది ఆ ఫీల్డ్. తారు వేసిన సన్నటి రన్‌వే, పక్కన కంకర పరిచిన పార్కింగ్. జెట్లకి పన్నెండింటి వరకే అనుమతి, తరవాత పక్క పొలం ఆయన గుర్రాలు ఊరుకోవు. నేను చేరేసరికి తొమ్మిదిన్నర. నాలుగైదు జెట్లు ఒకేసారి అరుస్తున్నాయి. వాటి పక్కన, పట్టు చీరల్లో, కుర్తాల్లో, బ్యానర్ పట్టుకుని, డాక్టరు గారు విమానం ఎగరేయడం చూడ్డానికి వచ్చిన మా ఉగాది కమిటీ మొత్తం నిలబడి ఉంది. మధ్యలో డాక్టరు గారు, తెల్ల టోపీ, చెవుల మీద శబ్దం వినబడకుండా పెద్ద మఫ్‌లు. విమానానికి కిరోసిన్ ఎక్కిస్తున్నారు.

"డాక్టరు గారూ! ఆగండి!"

చిరునవ్వుతో చెయ్యి ఊపారు.

"జల్లెడ! జల్లెడ విప్పాలి!"

"ఆ, ఆ, భోంచేసే వెళ్ళాలి నువ్వు" అన్నారు.

చెవి మఫ్‌లు తీయించాను. మిషన్లు జేబులో ఉన్నాయి. పెట్టుకోమని సైగ చేశాను. "ఈ జెట్ల దగ్గర పెట్టుకుంటే బుర్ర పగులుతుందయ్యా" అని మళ్ళీ మఫ్‌లు తగిలించుకున్నారు. నా ఫోన్ చూస్తే ఛార్జింగ్ సున్నా, రాత్రంతా ఆయనకే చేశాను గనక. కాగితం లేదు, పెన్ను లేదు. ఉన్నదల్లా నా కారు. దాని బానెట్ మీద అంగుళం మందాన పసుపు పుప్పొడి. ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, చూపుడు వేలితో రాశాను:

జల్లెడ చెడ్డదేమో.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. నా వేలు తీసి పక్కకి నెట్టి, తన వేలితో అదే బానెట్ మీద, వణుకుతున్న అక్షరాలతో, పెద్దబాలశిక్ష చేతిరాతలో రాశారు: నీ అక్షరం ఉంది కదా?

ఇంతలో కమిటీ మా చుట్టూ మూగింది. నలభై ఏళ్ళుగా మాట్లాడుకుంటూ ఆగని జనం ఒక్కసారి నిశ్శబ్దంగా నా బానెట్ చదువుతున్నారు. ఇంకా ఖాళీగా ఉన్న జాగా అద్దం ఒక్కటే. ఓనర్ దగ్గర నా నోరు చేసిన పనిని వేలు చేయలేకపోయింది. అద్దం మీద రాశాను:

నేను వినలేదు.

అక్క చదివింది. "ఏం వినలేదు తమ్ముడూ?"

"జల్లెడలక్కా. మీటి వినాలి. ఆ గురువారం మన కాల్‌లో ఉన్నాను. ఇవన్నీ వినకుండా పాస్ చేశాను."

"ఏ గురువారం? పులిహోర గురువారమా?"

"అదే."

"అంటే నువ్వు చింతపండుకి ఓటేసింది ఇవి చెక్కుతూనా!"

ప్రెసిడెంటు నెత్తి పట్టుకున్నాడు. "నేను మొదలే నిమ్మకాయ అన్న. ఐదు నిమిషాల్ల అయిపోతుండె ఆ కాల్. ఈ అన్న మంచిగ వింటుండె."

డాక్టరు గారు మా ముఖాలు చూడలేదు. అద్దం వైపే చూస్తూ నిలబడ్డారు. తరవాత మఫ్‌లు తీసి, జేబులోంచి మిషన్లు తీసి, ఒక్కొక్కటీ నిదానంగా చెవుల్లో పెట్టుకున్నారు.

"నేను వినలేనయ్యా" అన్నారు. "మీటి చూసుకోమని మీ పెట్టె మీదే రాసి ఉంటుంది. మీటాను. నాకు ఏదీ వినబడదు. అంచు మీద తెలుగు అక్షరం కనిపించింది. సరే, నా బదులు మనవాడెవడో విన్నాడు కదా అనుకుని బిగించాను."

ఆయన కోప్పడి ఉంటే నా కాలు ఆగేది.

ఇంజన్ బయటికి తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆయన చేతులు వణుకుతుంటే నేను స్క్రూలు తిప్పాను, నాకు లోపల ఏమీ కనబడకపోతే అక్క ఫ్లాష్‌లైట్ పట్టుకుని, "ఎడమకి తమ్ముడూ, ఎడమకి" అని జెట్ ఇంజన్ విప్పడం నేర్పింది. జల్లెడ చేతికొచ్చింది. మీటాను. పక్కన జెట్లు అరుస్తున్నాయి, ఏమీ తెలియలేదు. కారులోకి పరిగెత్తి, తలుపులన్నీ బిగించి, కళ్ళు మూసుకుని మీటాను. చెవుల్లో పొద్దుటి జెట్ల హోరు ఇంకా తిరుగుతోంది. మోగినట్టే ఉంది. మళ్ళీ మీటాను. మోగినట్టే ఉంది. మోగాలని అంతగా కోరుకుంటే చెక్కబల్ల కూడా మోగుతుంది.

బయటికి వచ్చాను. ఆయన ఎదురుచూస్తున్నారు. పదకొండు దాటింది.

"మంచిదేనా?"

"తెలియడం లేదు సార్."

"తెలియడం లేదంటే?"

"తెలియడం లేదు. ఇప్పుడు నేను మంచిదంటే అది రెండో అబద్ధమవుతుంది."

ఆయన జల్లెడని నా చేతిలోంచి తీసుకుని, కాసేపు తిప్పి చూసి, నా చొక్కా జేబులో పెట్టారు. "సరే. ఇది లేకుండానే ఎగరేద్దాం."

"సార్, పక్కనే కంకర. ఒక్క రాయి చాలు..."

"రాయి ఉంటే కదా?"

అప్పుడు నాకు మా ఓనర్ మాట గుర్తొచ్చింది. ఓడ మీద రోజూ పొద్దున, ఆఫీసరు నుంచి వంటవాడి దాకా అందరూ ఒకే వరసలో భుజం భుజం కలిపి నిలబడి, డెక్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తల వంచి నడుస్తూ, కనబడిన ప్రతి పలుకూ ఏరేవారట. కమిటీ వైపు చూశాను. పద్నాలుగు మంది. రన్‌వే వెడల్పుకి కొలిచినట్టు సరిపోతారు.

ఆ దృశ్యం మీరు చూడాల్సింది. ఉప్పాడ పట్టు చీరలు మోకాలి దాకా ఎత్తి దోపి, కుర్తాల జేబులు తెరుచుకుని, అటు చివర ప్రెసిడెంటు, ఇటు చివర అక్క, మధ్యలో ఇంగువ వర్గమూ ఇంగువేతర వర్గమూ కలిసిపోయి, తలలు వంచుకుని అడుగులో అడుగు వేస్తూ వస్తున్నారు. అమెరికన్ పైలట్లు తమ జెట్లు ఆపేసి నోళ్ళు తెరిచి చూశారు, తరవాత వాళ్ళూ వరసలో చేరారు. మా వాళ్ళు ఉగాది బియ్యంలో రాళ్ళు ఏరే శ్రద్ధతో ఏరారు. కంకర, పైన్ కాయల పొలుసులు, సోడా మూత, రెండు స్క్రూలు, ఎవరిదో ముక్కుపుడక శీల.

"ఇదేందన్నా, జీడిపప్పు!" అని అరిచాడు ప్రెసిడెంటు.

"నీ జేబులోంచి పడిందే" అంది అక్క. "పొద్దుటి నుంచి నములుతున్నావు."

పదకొండు నలభైకి రన్‌వే మా ఇంటి పూజగది కంటే శుభ్రంగా ఉంది, ఈలోగా నేనూ డాక్టరు గారూ ఇంజన్ తిరిగి బిగించేశాం. డాక్టరు గారు ఇంజన్ స్టార్ట్ చేయబోయారు. నేను విమానం పక్కన మోకాళ్ళ మీద ఉన్నాను, ఆఖరిసారి నోట్లోకి తొంగి చూస్తూ. ఎందుకో తల తిప్పాను. అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న వెండి గిన్నె తీసింది. పిడికిలి నింపుకుంది. చెయ్యి పైకి లేచింది. ఆ చేతిలో పసుపు కలిపిన బియ్యం.

శుభకార్యం కదా. అక్షింతలు వేయకుండా ఎలా ఊరుకుంటుంది?

ఎంతటి రన్‌వే ఏరాం, ఎన్ని రాళ్ళు తీశాం, ఇప్పుడు పిడికెడు బియ్యం తిన్నగా జెట్ నోట్లోకి. అరవడానికి టైం లేదు. రెండు చేతులూ చాచి ఆ నోటికి అడ్డంగా పడ్డాను. గింజలన్నీ నా నెత్తిమీద, మెడమీద, చొక్కాలోపల.

"అయ్యో, నీకు కాదు తమ్ముడూ!"

"నాకే అక్కా. ఇంకా ఉంటే అవీ నాకే వెయ్యి."

నన్ను లేపి, దులిపి, దూరంగా తీసుకెళ్ళి, అక్కడ మళ్ళీ దులిపారు. రన్‌వే ఆ చివర ఇద్దరు మళ్ళీ వంగి గింజలు ఏరారు.

పదకొండు యాభైకి ఎగిరింది. ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో నేను ఆకాశం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. డాక్టరు గారి చేతులే చూశాను. రిమోట్ పట్టుకున్నంతసేపూ అవి వణకలేదు. దిగింది. చక్రాలు తారు మీద రెండుసార్లు ముద్దు పెట్టుకున్నట్టు కీచుమన్నాయి. ఆయన రిమోట్ ఆఫ్ చేసి, మెడలోంచి పట్టీ తీసి, అక్క చేతిలో పెట్టారు. ఆ చేతులు మళ్ళీ వణకడం మొదలుపెట్టాయి.  

సాయంత్రం ఇంటి ముందు కారు ఆపి, హోరు పూర్తిగా తగ్గేదాకా అరగంట కూర్చుని, జేబులోంచి జల్లెడ తీసి మీటాను.

టప్.

సోమవారం ఓనర్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. "శుక్రవారం మోగిందన్నాను కదా. నేను వినలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి." ఆయన చాలాసేపు మీసం పొట్టివైపు లాక్కున్నాడు. వెల్డర్ తన మిషను దగ్గర తల ఎత్తకుండానే వింటోంది. ఓనర్ ఉద్యోగం తీసేస్తాడనుకున్నాను. ఆ జల్లెడ అడిగి తీసుకుని, నా బల్ల పక్కన గోడకి మేకు కొట్టి తగిలించాడు.

"వారం మొదలుపెట్టేముందు దీన్ని మీటు" అన్నాడు. "చెడ్డది ఎలా ఉంటుందో విను. తరవాత మంచివి విను."

తొమ్మిదేళ్ళు అలాగే చేశాను. ప్రతి సోమవారం పొద్దున, కాఫీకి ముందు, గోడ మీదిది ఒకసారి. టప్. తరవాత బల్ల మీది మొదటిది. ఖంగ్. ఉగాది కాల్స్‌కి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. పులిహోర ఏ ఏడు ఎలా ఉన్నా నోరు మూసుకుని తిన్నాను. ఇంగువ ఇప్పటికీ తేలలేదు.

మనిషి చెవులు జెట్ల పక్కన ఎన్నేళ్ళని ఉంటాయి? మొన్న జనవరిలో ఒక సోమవారం గోడ మీదిది మీటాను. బల్ల మీద, శుక్రవారం నేనే అక్షరం చెక్కిపెట్టిన కొత్తది మీటాను. వెల్డర్‌ని పిలిచి కొత్తది ఆమె చెవి దగ్గర మీటాను. "మోగుతోంది" అంది. నాకు రెండూ ఒకటే.

మూడోసారి మీటలేదు. రెండు జల్లెడలూ చేతిలో పట్టుకుని ఓనర్ గదికి వెళ్ళి, ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఆయన రెండింటి అంచులూ తిప్పి చూశాడు. రెండింటి మీదా నా అక్షరమే ఉంది.